ఆ షరతు నాగరత్నది

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం తింటున్నప్పుడు ఉంటుంది. పాఠం చెబుతున్నప్పుడు ఉంటుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎండిపోయిన చేలు చూస్తున్నప్పుడూ ఉంటుంది. మా ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తెలియదు. నాతో పనిచేసేవాళ్లకూ తెలియదు. తెలియదనే అనుకుంటున్నాను. ఎవరైనా నన్ను చూసి మామూలుకన్నా కాస్త ఎక్కువసేపు నవ్వితే, వీడికి తెలిసిపోయిందా అని ఆ రోజంతా వాడన్న మాటల్నే తిప్పి తిప్పి చూసుకుంటాను.

మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్ను చూడలేదు, చూడబోరు. అదొక్కటే ధైర్యం. నిజానికి మీ మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు. చదువుతూ చదువుతూ, ఇతను ఎవరై ఉంటాడా అని ఆరా తీస్తారు. తీయండి. ఆ మాత్రం చేసే హక్కు మీకుంది.

మాది కుందుర్పి దగ్గర పల్లె. మా నాయన వేరుశనగ పండించేవాడు, పండినప్పుడు. ఆయన మబ్బును కూడా నమ్మేవాడు కాదు. తలమీదికి వచ్చిన మబ్బును చూసి, ఇది మనది కాదులే, కన్నడసీమకు పోయేది అనేవాడు. విత్తనాలు అమ్మేవాణ్ణి నమ్మడు, బోరు ఎక్కడ వేయాలో చూపించేవాణ్ణి నమ్మడు, సొంత తమ్ముణ్ణి నమ్మడు. నా అనుమానపు బుద్ధికి ఆ ఇల్లు, ఆ నేల కారణమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకోలేను. అలాంటి నేల మీదే నాగరత్న కూడా పుట్టింది. ఆ అమ్మాయికి ఎవరినైనా నమ్మడం చాలా తేలిక.

తొంభైల చివర నేను అనంతపురంలో లెక్కల్లో పీహెచ్‌డీ చేస్తుండేవాణ్ణి. మా గైడును అందరం సారు అనేవాళ్లం. పామిడి మనిషి. పెద్దవాడు, కోపిష్టి, కానీ ఒక్క మంచి ఆలోచన వింటే చిన్నపిల్లాడిలా అయిపోయేవాడు. ఆయన దగ్గర నేను సీనియర్ని. నా తర్వాత చేరింది నాగరత్న. గుమ్మఘట్ట దగ్గర పల్లె. వాళ్లింట్లో గొర్లు కాస్తారు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. మాటలో రెండూ కలిసిపోయేవి. నన్ను అన్నా అని పిలిచేది. ఇంటినుంచి బొరుగులతో చేసిన ఉగ్గాని తెస్తే సగం నా బల్ల మీద పెట్టి పోయేది. అడిగేది కూడా కాదు, పెట్టి పోయేది.

మేం చదివేది కదలికల గురించి. రొట్టెలు కాల్చే గుండ్రటి పెనాన్ని తీసుకోండి. గోరంత తిప్పినా, సగం చుట్టు తిప్పినా తిప్పినట్టే కనపడదు. చదరపు పలక అలా కాదు. పావు చుట్టు పూర్తిగా తిప్పితేనే మళ్లీ మునుపటిలా కనపడుతుంది, మధ్యలో ఆపితే తెలిసిపోతుంది. పెనానికి ఉన్నది ఎక్కడా తెంపులేని సౌష్ఠవం. ఒక తిప్పు మీద ఇంకో తిప్పు తిప్పితే అదీ ఒక తిప్పే. ఏ తిప్పునైనా వెనక్కి తిప్పి రద్దు చేయొచ్చు. తిప్పకుండా ఊరుకోవడం కూడా ఒక తిప్పు కిందే లెక్క. ఇలా తెంపులేకుండా ఉన్న కదలికలన్నీ కలిసిన సమూహాన్ని మా పుస్తకాల్లో లీ గ్రూపు అంటారు. ఇంగ్లిషులో ఉన్న ఆ పేరును కొత్తగా చేరిన పిల్లలు లై గ్రూపు అని చదువుతారు. అబద్ధాల గ్రూపా సార్ అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వి, ఎవరు ఎందుకు నవ్వారో అని ఒకసారి అందరి ముఖాలూ చూస్తాను.

నేను పనిచేసినవి పెనం లాంటి తేలిక సమూహాలు కావు. పెద్ద మాత్రికలతో, అంటే అంకెలను అడ్డంగా నిలువుగా పేర్చిన పట్టికలతో, కట్టిన ఒక కుటుంబం. దాని గురించి నేను నిరూపించాననుకున్నది ఇది. ఈ సమూహాల్లో ఏ కదలికనైనా సరే, కదలకుండా ఉన్న స్థితి నుంచి బయలుదేరి, దిక్కు మార్చకుండా, వేగం మార్చకుండా, ఒకే తీరుగా సాగిపోయి చేరుకోవచ్చు. మాటల్లో చెబితే ఇంతే. నాకు మాత్రం అప్పట్లో అదే ప్రపంచం. అన్ని సమూహాల్లో ఇది నిజం కాదని అందరికీ తెలుసు. చిన్న మాత్రికల్లోనే అలా చేరుకోలేని కదలికలు ఉన్నాయని ప్రతి పుస్తకమూ చెబుతుంది. నా కుటుంబంలోకి అలాంటివి రాకుండా నేను తలుపులన్నీ మూశాననుకున్నాను.

అదే సమయంలో శాఖలో ఒక లెక్చరరు పోస్టు ఖాళీ కాబోతోందని మాట వచ్చింది. ఆ మాట వచ్చిన రోజునుంచీ నేను మనుషులను వేరేగా చూడడం మొదలుపెట్టాను.

నాగరత్న రోజూ పొద్దున్నే సారు గదిలోకి పోయేది. తలుపు దగ్గరికి వేసి ఉండేది. వరండాలో నిలబడితే లోపలినుంచి ఆమె గొంతు ఆగకుండా వినిపించేది. ఏం మాట్లాడుతోందో తెలిసేది కాదు. అప్పుడప్పుడు సారు నవ్వు. నేను తలుపు తట్టి లోపలికి పోతే ఆ గొంతు ఆగిపోయేది. నాగరత్న బల్ల మీది కాగితాలను తన దగ్గరికి లాక్కునేది. ఒకరోజు ఆ కాగితాల్లో నా రాత కనపడింది. నేను సారుకు ఇచ్చిన నా ప్రూఫు. నా ప్రూఫు ఈ అమ్మాయి చేతిలో ఎందుకుంది? అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒక జవాబు వచ్చేది. నాకు జవాబు అవసరం లేదు, అనుమానమే బాగుంది. దాన్ని గదికి తీసుకుపోయి, తలుపేసుకుని, మేపాను. పోస్టు ఆమెకు ఇప్పించడానికే సారు ఆమెను తయారుచేస్తున్నాడని తేల్చుకున్నాను. నా పనిలో లోపాలు వెతికిస్తున్నాడని కూడా తేల్చుకున్నాను. మరి ఆమె తెచ్చిన ఉగ్గాని తింటూనే ఎలా అనుకోగలిగాను? తింటూనే అనుకున్నాను.

ఎండాకాలం. మధ్యాహ్నం కరెంటు లేదు. కిటికీలోంచి ఎర్రటి దుమ్ము వచ్చి బల్లల మీద పరుచుకుంటోంది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. నాగరత్న వచ్చి, బోర్డు దగ్గరికి పోయి ఒక మాత్రిక రాసింది. నా కుటుంబంలోదే. చూడగానే గుర్తుపట్టాను.

"అన్నా, దీనికి సగం యాడుండాదన్నా?" అంది.

ఆ ప్రశ్న మీకు అర్థమయ్యేలా చెబుతాను. ఒకే తీరుగా సాగి ఒక చోటికి చేరుకున్నామంటే, దారిలో సగం కూడా ఉండి తీరాలి. ఆ సగాన్ని రెండుసార్లు చేస్తే మొత్తం రావాలి. ఏ కదలికకైనా సగం లేదని తేలితే, దాన్ని అలా చేరుకోలేమని అర్థం. అప్పుడు నా సిద్ధాంతం తప్పు. నేను బోర్డు దగ్గరికి పోయాను. సుద్దముక్క తీసుకున్నాను. సగం కోసం వెతికాను. వెతుకుతున్నంతసేపూ అది లేదని నాకు తెలుసు. చూసిన క్షణంలోనే తెలిసిపోయింది. ఆమె చూస్తోందని రాస్తూ పోయాను.

"లేదు కదన్నా," అంది చివరికి, మెల్లగా. నొప్పి కలిగించకుండా ముల్లు తీసేవాళ్ల గొంతు అది. "నీ ప్రూఫంతా బాగుండాది. ఈడొగటే జారిపోయినావు. దానికేం కాదులే. ఇంకొగ షరతు పెడితే నిలబడతాది, చూడు." అని పక్కనే ఆ షరతు రాసింది. ఒక్క వరుస. చిన్నది. అందమైనది. మూడేళ్లు నేను తిరిగిన చుట్టుపక్కలే అది పడి ఉంది. నాకు కనపడలేదు.

"సారుకు చెప్పినావా?" అని అడిగాను. నాకు తోచిన మొదటి మాట అదే. గమనించండి. బాగుందమ్మా అనలేదు.

"లేదన్నా. నీది కదా, ముందు నీకే చెప్తాండా."

నేను నమ్మలేదు. పొద్దున ఆ తలుపు వెనక చెప్పేసి వచ్చి, ఇప్పుడు నా ముఖం ఎలా మారుతుందో చూడడానికి వచ్చిందనుకున్నాను. లేకపోతే ముందు నాకెందుకు చెబుతుంది? ఎవరైనా అలా చేస్తారా? నేనైతే చేయను. నా అనుమానానికి ఆధారం చివరికి ఇదే. నేనైతే చేయను.

"నాలుగు దినాలు గమ్మునుండు నాగరత్నా. నేను ఒగసారి సరిగ్గా చూసుకుని, ఇద్దరం కలిసి సారు దగ్గరికి పోదాం," అన్నాను.

"సరేన్నా," అంది. బోర్డు తుడిచి వెళ్లిపోయింది. తుడిచింది కూడా నా కోసమే. ఎవరైనా వచ్చి చూస్తే నాకు బాగుండదని.

మర్నాడు పొద్దున్నే, ఆమె రాకముందే, సారు గదికి పోయాను.

"సార్, నా ప్రూఫులో ఒక చోట జారినాను. ఇప్పుడు పట్టుకున్నాను. దాన్ని సరిచేసే షరతు కూడా దొరికింది," అని చెప్పాను. షరతు చెప్పాను. సారు కళ్లు మూసుకుని విన్నాడు. ముఖం వెలిగిపోయింది.

"శానా బాగుండాదప్పా. ఇంగెవురో పట్టుకునే ముందర నువ్వే పట్టుకున్నావు," అన్నాడు.

అక్కడ ఆగి ఉంటే అది ఒక దొంగతనంతో పోయేది. ఆగలేదు. ఆమె వచ్చి నిజం చెబుతుంది కదా. అప్పుడు సారు ఎవరిని నమ్ముతాడు? ఆ భయంతో నా నోటినుంచి ఇంకో మాట వచ్చింది. గొంతు తగ్గించి, ఇష్టం లేకపోయినా తప్పక చెబుతున్నవాడిలా చెప్పాను. అలా నటించడం నాకు ఎవరూ నేర్పలేదు.

"ఇంకో సంగతి సార్. నేను బోర్డు మీద రాసుకున్నదంతా నాగరత్న చూసింది. నా కాగితాలు కూడా ఆ పాప చేతిలో ఉంటాండాయి. రేపు వచ్చి తనే కనిపెట్టినానని మీతో చెప్తాదేమో. నాకెందుకో అనుమానంగా ఉండాది."

సారు కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"ఆ పాప చెప్పిందే నేను ఇంటాండా గదప్పా ఇన్ని దినాలూ," అన్నాడు. ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "ఇంగ నేనేం చూసినాను?"

ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. కోపం వచ్చిందనుకున్నాను. అది కోపం కాదు, భయం. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆ రోజు నాగరత్న వస్తే, ఇవాళ పనుంది పొమ్మన్నాడు. మర్నాడూ అంతే. పొద్దున పూట ఆ గదిలో గొంతు వినిపించడం మానేసింది. ఆమె నేను చెప్పినట్టే నాలుగు రోజులు నోరు మూసుకుని ఉంది. తర్వాత ఆగలేక తానే పోయి చెప్పింది. తిరిగొచ్చి నా బల్ల ముందు నిలబడింది. ముఖంలో రక్తం లేదు.

"నువ్వు ముందే చెప్పినావని సారు అన్నాడన్నా. అది నాదని చెప్పలేదా నువ్వు?"

ఇక్కడ కూడా నిజం చెప్పొచ్చు. ఒక తలుపు అప్పటికి ఇంకా తెరిచే ఉంది. తప్పయిపోయింది నాగరత్నా, పద, ఇద్దరం పోదాం అంటే సరిపోయేది. సారు తిట్టేవాడు. నా పోస్టు పోయేది. అంతే కదా?

"చెప్పినాను," అన్నాను. "సారే నమ్మలేదు. ఎంత చెప్పినా ఇనలేదు."

ఆమె నా కళ్లలోకి చూసింది. నాలో అబద్ధం వెతుకుతోందనుకున్నాను. ఆమె వెతకలేదు. నమ్మింది.

"అట్లనా," అంది. "సారు నన్ను దొంగ అనుకుంటాండాడా అన్నా?"

నేను తల దించుకున్నాను. ఆ దించుకోవడమే జవాబు అయింది.

"ఇంకొగసారి చెప్పన్నా నాకోసరం. నీ మాట ఇంటాడు."

"చెప్తాలే," అన్నాను.

చెప్పలేదని మీకు వేరే చెప్పాలా?

ఒకరినొకరు కన్నబిడ్డలా, కన్నతండ్రిలా చూసుకున్న ఇద్దరిని నేను విడదీశాను. ఆయన్ను ఆమె మీదికి, ఆమెను ఆయన మీదికి తిప్పాను. ఇద్దరూ నన్ను మాత్రం నమ్మారు. ఆ ఎండాకాలం అయ్యేలోపే నాగరత్న చదువు మానేసి ఊరికి వెళ్లిపోయింది. పోయేరోజు నాకు చెప్పి పోయింది. సారుకు చెప్పలేదు.

పేపరు అచ్చయింది. సారు పేరు, నా పేరు. మూడో పేరు లేదు. పోస్టు నాకే వచ్చింది. ఆ షరతును ఇద్దరు ముగ్గురు వేరే ఊళ్లవాళ్లు మెచ్చుకుని, నా పేరుతోనే పిలిచారు. సెమినార్లలో ఎవరైనా ఆ పేరు పలికితే, పలికేవాడి ముఖం చూస్తాను. వెక్కిరిస్తున్నాడా? ఏదైనా తెలుసా? నాకు పొగడ్తలో కూడా నిందే వినిపిస్తుంది. నా దగ్గర చేరిన విద్యార్థులను కూడా నమ్మలేకపోయాను. ఒకడు మంచి ఆలోచన చెబితే, ఇది ఎవరిదిరా అని అడిగాను. వాడి ముఖం వాడిపోయింది. వాడు మళ్లీ నాకేమీ చెప్పలేదు.

కొన్నేళ్లకు సారుకు కంటి ఆపరేషన్ అయింది. చూడడానికి ఇంటికి పోయాను. ఆయన నిద్రపోతున్నాడు. వాళ్ల ఇంటావిడ వంటింటి గడపలో కూర్చుని మామూలుగా చెప్పుకొచ్చింది.

"శానా ఏండ్లనుంచి చూపు లేదప్పా ఈయనకు. మసక మసక. బయటికి తెలిస్తే పిల్లోళ్లను తన దగ్గర చేర్చరని భయం. ఆ నాగరత్న అనే పాప ఉండె కదా, ఆ పాపే పొద్దుపొద్దున్నే అన్నీ చదివి వినిపించేది. ఎవురికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు. ఆ పాప పోయినాంక శానా కష్టపడినాడు."

తలుపు వెనక గొంతు. నన్ను చూడగానే ఆగిపోయే గొంతు. దగ్గరికి లాక్కున్న కాగితాలు. నా ప్రూఫు ఆమె చేతిలోకి ఎందుకు వచ్చిందో అప్పటికి తెలిసింది. చూపులేని మనిషికి ఆమె నా ప్రూఫు చదివి వినిపించింది. చదువుతూ తప్పు పట్టుకుంది. అయినా ఆయనకు చెప్పకుండా ముందు నా దగ్గరికి వచ్చింది. ఇక నా మాటలు సారును ఎక్కడ తాకాయో కూడా అర్థమైంది. తాను కళ్లతో చూసి నిర్ధారించుకోలేనివన్నీ ఆయన ఆమె గొంతుతోనే నమ్మాడు. ఆ గొంతే అబద్ధమేమోనని నేను చెప్పాను. గుడ్డివాడి చేతికర్రను విరిచినట్టు చేశాను.

చూపు వచ్చాక సారు మా పేపరును తన కళ్లతో చదివాడు. నన్ను పిలిపించాడు. కొత్త అద్దాల వెనక కళ్లు చాలా పెద్దగా కనిపించాయి.

"ఈ షరతు నీకెట్ల తట్టిందప్పా?" అన్నాడు. "మిగతాదంతా నీ పనే. నీ నడక నాకు తెలుసు. ఇది నీ నడక కాదు."

"ఆలోచించగా ఆలోచించగా తట్టింది సార్," అన్నాను.

ఆయన తల ఊపాడు. తర్వాత, "ఆ పాప యాడుండాది?" అని అడిగాడు.

రాయదుర్గంలో పాఠాలు చెబుతోందని నాకు అప్పటికే తెలుసు. "తెలీదు సార్," అన్నాను.

ఇక ఏమీ అడగలేదు. తెలిసిపోయిందా? తెలిసి ఊరుకున్నాడా? నేనే నోరు విప్పుతానని ఎదురుచూశాడా? ఆ తర్వాత ఆయన బతికినంతకాలం నేను ఆ ఇంటికి పోవడం తగ్గించాను. ఆయన ఎవరినో పట్టుకుని నాగరత్నకు కబురు పంపాడని విన్నాను. ఆమె రాలేదనీ విన్నాను. వినగానే నా గుండె తేలికపడింది. ఈ ఒప్పుకోలులో నాకు అన్నిటికన్నా సిగ్గు కలిగించే వాక్యం అదే. నా గుండె తేలికపడింది. కొన్నాళ్లకు సారు పోయాడు.

చివరి సంగతి. పరీక్షల పరిశీలనకని ఒకసారి నన్ను రాయదుర్గంలో ఒక కాలేజీకి పంపారు. నాగరత్న పనిచేసేది ఆ కాలేజీలోనేనని అక్కడికి పోయాక తెలిసింది. వెనక్కి తిరిగేలోపే ఆమె నన్ను చూసింది. పరుగులాంటి నడకతో వచ్చింది. చెవుల దగ్గర తెల్లవెంట్రుకలు, కళ్లద్దాలు. నవ్వు మాత్రం పాతదే.

"బాగుండావా అన్నా? ఎన్నేండ్లాయె!"

స్టాఫ్‌రూములో కూర్చోబెట్టింది. టీ తెప్పించింది. పిల్లల గురించి, వానల గురించి మాట్లాడింది. తర్వాత మామూలుగానే అంది.

"నీ పేపరు చదివినానన్నా. ఆ షరతు పెట్టినావు."

"నీ పేరు..." అని మొదలుపెట్టాను. ఏం చెప్పబోయానో నాకే తెలియదు.

"సారు పెట్టనిచ్చుండడు. నాకు తెలుసులే," అంది. నా అబద్ధాన్ని నాకోసం ఆమే పూర్తి చేసింది. "ఆయప్ప నన్ను రమ్మని చెప్పి పంపించినాడన్నా, కండ్లు బాగయినాంక. నేను పోలేదు. ఎట్ల పోతాను? ఎన్ని దినాలు చదివి వినిపించినాను. నా గొంతునే నమ్మలేదు కదా అని. సచ్చిపోయినాడని తెలిసినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదన్నా. అది తప్పంటావా?"

"తప్పు కాదు," అన్నాను. నా నోటినుంచే వచ్చింది ఆ మాట.

"నువ్వొగడివే నాకోసరం మాట్లాడినావు. అప్పుడప్పుడు ఆ దినాలు గుర్తొస్తే, ఒగ మనిషన్నా నన్ను నమ్మినాడు కదా అనుకుంటాను. లేకుంటే లెక్కలు మొత్తానికే ఇడిసిపెట్టేదాన్నేమో. ఈ మాత్రం పాఠాలు కూడా చెప్పేదాన్ని కాదు."

నేను ఆమె ముఖం చూశాను. తెలిసే అంటోందా? నన్ను పరీక్షిస్తోందా? ఈ మాటకైనా నేను పగిలిపోతానేమోనని చూస్తోందా? ఎంత వెతికినా ఏమీ కనపడలేదు. కళ్లద్దాల వెనక నీళ్లు తప్ప.

"టీ సల్లారిపోతాది, తాగన్నా," అంది.

తాగాను.

తిరుగు బస్సులో నాకు నేను ఒక న్యాయం చెప్పుకున్నాను. ఇప్పుడు నిజం చెబితే ఆమె దగ్గర మిగిలిన ఒక్క నమ్మకమూ పోతుంది. తాను ద్వేషించింది తప్పు మనిషినని తెలుస్తుంది. ఆయన పిలిచినప్పుడు పోకపోయిన బాధ బతికినంతకాలం ఉంటుంది. అందుకే చెప్పకపోవడమే దయ. అంతా బాగానే ఉంది, వాదనలో ఎక్కడా లోపం లేదు. కానీ నా వాదనలో లోపం లేదని నాకు అనిపించినప్పుడల్లా నేను భయపడాలని ఒకరు నాకు బోర్డు మీద రాసి చూపించారు. అది దయా? పిరికితనమా? ఆమెను కాపాడుతున్నానా, నన్ను కాపాడుకుంటున్నానా? అసలు ఆ మొదటి రోజుల్లో కూడా నేను ఆమెను నిజంగా అనుమానించానా, లేక అనుమానిస్తే నాకు పని జరుగుతుంది గనక అనుమానించానా? ఎంత తవ్వినా అడుగు తగలడం లేదు.

కాబట్టి తవ్వడం ఆపి, జరిగినది రాస్తున్నాను. తప్పు పట్టుకున్నది నాగరత్న. షరతు నాగరత్నది. సారు ఆమెను నమ్మాడు, నేను నోరు తెరిచేదాకా నమ్మాడు. నేను సారుతో ఆమె గురించి మాట్లాడాను, ఆమె కోసం మాట్లాడలేదు. ఆయన చివర్లో ఆమెను పిలిపించింది, బహుశా, క్షమాపణ అడగడానికి. అడగాల్సింది ఆయన కాదు.

రాయడం అయింది. గొంతులో ఉన్నది గొంతులో లేదు. ఇంకేమీ మారలేదు. సారు లేడు, పేపరు మీద పేర్లు అవే, నేను రేపు మళ్లీ అదే గదిలో అదే పాఠం చెబుతాను. మీరు నన్ను క్షమించాలని అడగను. అది మీ చేతిలో ఉన్నది కూడా కాదు.

నా పేరు ఎక్కడా రాయలేదు. గమనించే ఉంటారు. ధైర్యం అంతదాకా రాలేదు. ఆమె పేరు మాత్రం మార్చలేదు. వాళ్ల ఊరి ఆనవాలు కూడా మార్చలేదు. ఎవరైనా ఇది చదివి నాగరత్నకు చెబుతారేమోనని భయంగా ఉంది. ఎవరూ చెప్పరేమోనని ఇంకా భయంగా ఉంది.